నాకా కట్టెకు ఇవతల పుట్టిన దుడ్డె

నేను మోటారు నడపడం నేర్చుకున్న రోజుల్లో బాన్సువాడలో మోటారు నడిపేవాడికున్న మర్యాద ఇప్పుడు కలెక్టరుకు కూడా లేదు. (కలెక్టరుగారు ఇవన్నీ చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను.) అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండాయో లేదో. మీసం సరిగ్గా రాలేదు గాని కళ్లకు నల్ల అద్దాలు మాత్రం వచ్చేశాయి. దుమ్ము పడకుండా అని చెప్పేవాణ్ణి. ముసురు పట్టి రోడ్డు బురదైన రోజున కూడా పెట్టుకుంటే మా అమ్మ నన్ను చూసి వంటింట్లోకి పోయి నవ్వుకునేది. మోటారు మాది కావడం కూడా చిత్రంగానే జరిగింది. నిజాంసాగర్ కాలువలు తవ్వించిన గుత్తేదారు ఒకాయన పని ముగిసి వెళ్లిపోతూ తన పాత మోటారును, దాని వెనక సిమెంటు బస్తాల కోసం తగిలించుకునే రెండు చక్రాల బండిని మా నాయనకు అంటగట్టి పోయాడు. ఆ వెనక బండికి ఊరంతా తోకబండి అని పేరు పెట్టింది. తోకబండి తగిలించి ముందుకు నడపడంలో నన్ను మించినవాడు లేడు. వెనక్కి నడపడం మాత్రం నాకు రాదు. నేను కుడికి తిప్పితే అది ఎడమకు పోయేది, ఎడమకు తిప్పితే అడ్డంగా నిలబడేది. అందుకని ఎక్కడికి పోయినా, తిరగడానికి జాగా ఉందా లేదా అని ముందే చూసుకుని పోయేవాణ్ణి. ఈ రహస్యం ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇక మా పెద్దమ్మ సంగతి చెప్పాలి. మా నాయనకు వదిన. పెద్దనాయన చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఉమ్మడి ఇల్లు మాది. ఆమెను ఎవరూ చిన్నచూపు చూడలేదు, తిండికీ బట్టకూ లోటు లేదు. కాని ఆ ఇంట్లో ఇది నాది అని చెయ్యి వేసి చెప్పుకునే వస్తువు ఆమెకు ఒక్కటీ లేదు. తెల్లవారుజామునే లేచి బర్రెలన్నింటి పాలూ పిండేది ఆమే, చల్ల చిలికేది ఆమే. అయినా ఎవరైనా గుమ్మంలోకి వచ్చి చల్ల అడిగితే చెంబు పట్టుకుని మా నాయనమ్మ ముఖం వైపు చూసేది. ఆ చూపు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా వైపు ఆడపిల్లకు పెళ్లిలో పుట్టింటివాళ్లు ఆవునో బర్రెనో అరణం ఇస్తారు. అరణం ఇచ్చిన పశువు ఆమెది, దాని సంతతీ ఆమెదే. అత్తింట్లో ఎంత పెద్దవాళ్లైనా దాని జోలికి రారు. పెద్దమ్మ పెళ్లయిన ఏడు కరువు. వాళ్ల నాయన తర్వాత ఇస్తానన్నాడు, ఆ తర్వాత ఆయనే పోయాడు. మాట మాత్రం పెద్దమ్మ మనసులో ఉండిపోయింది.

పెద్దమ్మ పుట్టిల్లు పెన్‌గంగ అవతల, బేరారు ఇలాకాలో. ఒక ఎండాకాలం ఆమె తమ్ముడి దగ్గర నుంచి, అంటే మా మామ దగ్గర నుంచి, మనిషి వచ్చాడు. ఇన్నేళ్లకు అరణం ఇస్తాడట. చూలు బర్రె, నెలలు నిండాయి, వచ్చి తోలుకుపొమ్మన్నాడు. అంతదూరం ఆ బర్రె నడవలేదు గనక ఇంట్లో అందరి చూపూ నా మీదా, తోకబండి మీదా పడింది. నేను నల్ల అద్దాలు తుడుచుకున్నాను.

మామ మంచివాడే, కాని చేతిలోది ఇచ్చేటప్పుడు చిటికెనవేలు దగ్గర కొంచెం బిగపట్టే రకం. బర్రెను తోకబండిలోకి ఎక్కించి, గడ్డి పరిచి, అక్క కాళ్లకు మొక్కి, అప్పుడు మెల్లగా మాట జారవిడిచాడు. బర్రె అరణం, అది అక్కదే. దూడ మాత్రం నైజాం నాకా దాటినాక పడితేనే అక్కది. నాకా దాటకముందే ఈనితే దూడ తనది, పాలు మరిచినాక మనిషిని పంపి తెప్పించుకుంటాడట. నవ్వుతూనే అన్నాడు గాని, ఆయన నవ్వుతూ అన్న మాటలే గట్టిగా పట్టుకుంటాడని పెద్దమ్మకు తెలుసు. ఆమె బర్రె పొదుగు చూసింది, వెన్ను నిమిరింది, మళ్లీ పొదుగు చూసింది. మోటారులో నా పక్కన కూర్చోమంటే కూర్చోలేదు. తోకబండిలోకి ఎక్కి, బర్రె ముఖాన్ని ఒళ్లోకి తీసుకున్నంత పని చేసి కూర్చుంది.

"మెల్లగ నడుపు బిడ్డా, గని జల్ది నడుపు," అంది.

ఈ రెండూ కలిపి ఎలా నడపాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకా అంటే ఇప్పటివాళ్లకు చెప్పాలి. నైజాం ఇలాకాలోకి ఏ సరుకు రావాలన్నా పొలిమేర దగ్గర కరోడ్‌గిరివాళ్ల, అంటే సుంకంవాళ్ల, నాకా దాటి రావాలి. రోడ్డుకు అడ్డంగా ఒక పొడుగు కట్టె, పక్కన ఒక గుడిసె, అందులో ఒక నాకేదారు. పెద్ద రోడ్డు మీదున్న నాకా దగ్గర పత్తి బండ్లు బారులు తీరి ఉంటాయని, పూటలు పూటలు నిలబెడతారని లారీలవాళ్లు చెప్పగా విన్నాను. అంతసేపు నిలబడితే బర్రె అక్కడే ఈనుతుంది, దూడ మామకు పోతుంది. అందుకని నేను నా తెలివి ఉపయోగించాను. నది వెంబడి కొంచెం కిందికి పోతే ఇంకో చిన్న నాకా ఉందట. రేవు దాటితే చాలు, మనిషీ ఉండడు, బండీ ఉండదు, కట్టె ఎత్తుతారు, పోతాం. ఈ మాట చెబితే పెద్దమ్మ నన్ను నిండుగా చూసి, ఇంటిల్లిపాదిలో నీకొక్కడికే అక్కల్ ఉన్నదిరా అంది. ఆ మెప్పు మోటారు నడుపుతున్నంతసేపూ నా నెత్తిమీద కూర్చుంది.

ఎండాకాలం గనక రేవులో నీళ్లు చక్రాలు కూడా మునగనంతే ఉన్నాయి. ఒడ్డెక్కాక దారి రెండు వైపులా తుమ్మకంచె. తోకబండి తిప్పుకునే జాగా లేదని నేను గమనించేసరికే కట్టె ముందు ఆగాం. లారీలవాళ్లు చెప్పింది అక్షరాలా నిజం. అక్కడ మనిషి లేడు, బండి లేదు. నాకేదార్ సాబ్, ఆయన చప్రాసీ, అంతే. సాబ్ హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి ఎన్నాళ్లైందో గాని మమ్మల్ని చూడగానే పెళ్లివారు వచ్చినట్టు లేచి నిలబడ్డాడు. షేర్వానీ బొత్తాలు పెట్టుకున్నాడు. చప్రాసీని చాయ్ పెట్టమని పంపాడు. నిశ్శబ్దమైన నాకాలో ఉన్న ఆపద నాకు అప్పుడు అర్థమైంది. పెద్ద నాకాలోవాడు పని తెమలక చెయ్యి ఊపి పంపించేస్తాడు. ఈయనకు మేము తప్ప పని లేదు. (ఆ రోజు పెద్ద నాకా దగ్గర ఒక్క బండి కూడా లేదని, పత్తి కాలం ఎప్పుడో అయిపోయిందని తర్వాత తెలిసింది. పత్తి పండే దేశం వాణ్ణి కాకపోవడం వల్ల నాకు ఆ ఆలోచనే రాలేదు.)

సాబ్ కానూన్ ప్రకారం బర్రె హులియా రాసుకోవడం మొదలుపెట్టాడు. కొమ్ములు ఎటు వంగాయి, నుదుట సుడి ఉందా, తోక కొసన తెల్ల వెంట్రుకలా నల్ల వెంట్రుకలా. ఒక్కొక్కటీ రాసి, అందమైన చేతిరాతను తానే కొంచెంసేపు చూసుకుని, తర్వాతది అడిగేవాడు. మధ్యలో హైదరాబాదులో వాళ్ల అమ్మ పెంచిన మేక సంగతి చెప్పాడు. చాయ్ వచ్చింది. నేను మర్యాదకు తాగాను. పెద్దమ్మ తాగలేదు. బర్రె ఒకసారి పడుకుని, ఒకసారి లేచి, మళ్లీ పడుకుంది. పెద్దమ్మ ముఖం నల్లబడడం చూశాను. వెనక్కి తిప్పి పెద్ద నాకాకు పోదాంరా అంటే ఏం చెప్పాలా అని నాకు చెమటలు పోశాయి. ఆమె ఆ మాట అనలేదు. బండి దిగి సాబ్ ముందుకు వచ్చి నిలబడింది. మా ఇంట్లో మగవాళ్ల ముందు గొంతెత్తి మాట్లాడడం నేను ఎన్నడూ వినని మనిషి.

"సాబ్, నేను మొగుడు లేనిదాన్ని, పిల్లలు లేనిదాన్ని. నాదని చెప్పుకోనికి ఇంట్ల పుల్ల గూడ లేదు. గీ బర్రె మా నాయన ఇస్తనన్న అరణం. కట్టె దాటినంక ఈనితే దూడ నాది. కట్టెకు అవతల ఈనితే మా తమ్మునిది. జర కట్టె ఎత్తురి."

సాబ్ కలం ఆగింది. ఆయన ఆమెను చూశాడు, బర్రెను చూశాడు. అప్పటికి దూడ ముందుకాళ్ల గిట్టలు బయటికి వచ్చాయి. అలాంటిది ఆయన పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండడు.

"కానూన్ల పశువులను కట్టె కాడ లెక్క పెట్టాలె అమ్మా," అన్నాడు మెల్లగా. "రెండు కాళ్లు వచ్చినయి. గిప్పుడు ఇది ఒకటా, రెండా?"

ఆ ప్రశ్న ఆయన మమ్మల్ని అడగలేదు, తనను తానే అడిగాడు. జవాబు దొరకక ముందే కలం చెవిలో పెట్టుకుని స్వయంగా పోయి కట్టె ఎత్తాడు. నేను పరుగున పోయి మోటారు ముందు హ్యాండిల్ తిప్పాను. మోటారు దగ్గింది. మళ్లీ తిప్పాను, మళ్లీ దగ్గింది. దూడకు ఉన్న తొందర దానికి లేదు. చివరికి నేనొక పక్క, చప్రాసీ ఒక పక్క మోటారును పట్టుకుని ముందుకు నెట్టాం. సాబ్ షేర్వానీ విప్పి చేతికి చుట్టుకుని వెనక తోకబండిని నెట్టాడు. పెద్దమ్మ బండిలో బర్రె దగ్గర. మోటారు కట్టె కింద నుంచి పోయింది. తోకబండి చక్రం గుంతలో పడింది. అందరం కలిసి ఒక్క ఊపు ఊపితే లేచింది. అదే ఊపులో వెనక నుంచి పెద్దమ్మ కేక, సాబ్ నోట అల్లా పేరు, ఒకేసారి వినిపించాయి. నేను వెనక్కి పరుగెత్తేసరికి తోకబండి కట్టెకు ఇవతల ఉంది. సాబ్ చేతుల్లో, షేర్వానీలో, తడి తడిగా ఒక దుడ్డె, ఆడదూడ, ఉంది. పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చుంది.

సాబ్ గొంతు సవరించుకున్నాడు. "బర్రె ఒకటి, బయటి నుంచి వచ్చింది. దుడ్డె సర్కారు జమీన్ల పుట్టింది. దానికి రాసుడు అక్కర లేదు," అన్నాడు.

పెద్దమ్మ ఏడ్చింది. పెద్దనాయన పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి, ఆమె ఏడుపు నాకు గుర్తులేదు. నేను చూసిన ఏడుపు ఇదొక్కటే. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, దుడ్డె తాగినన్ని తాగాక ముర్రుపాలు పిండి, చప్రాసీ పొయ్యి మీదే బెల్లమేసి జున్ను వండింది. ఎవరి ముఖమూ చూడకుండా, ఎవరినీ అడగకుండా, చేతికొచ్చినంత తీసి సాబ్ గిన్నెలో పెట్టింది. సాబ్ తిని, వాళ్ల అమ్మ తర్వాత ఇలా పెట్టినవాళ్లు లేరని చెప్పి, ఇంకొంచెం అడిగి తిన్నాడు. చల్లబడ్డాక మోటారు తనంతట తానే మనసు మార్చుకుని కదిలింది. దుడ్డెకు నాకి అని పేరు పెట్టాం. నాందేడ్ దాటి, దెగ్లూర్ దాటి, బాన్సువాడ చేరేదాకా పెద్దమ్మ దాన్ని ఒళ్లోంచి దించలేదు.

పాలు మరిచే వేళకు మామ మనిషిని పంపకుండా తానే వచ్చాడు. చల్ల తాగి, మూతి తుడుచుకుని, దూడ ఎక్కడ పడిందని అక్కను కాకుండా నన్ను అడిగాడు. కట్టెకు ఇవతలే మామా, సర్కారు జమీన్లో పడిందని నాకేదార్ సాబే చెప్పాడన్నాను. సర్కారు మాట వచ్చాక మామ ఏమంటాడు, నాకి వీపు ఒకసారి తట్టి వెళ్లిపోయాడు. ఆ నాకి సంతతే తర్వాత మా కొట్టం సగం నిండింది. గుమ్మంలోకి వచ్చి చల్ల అడిగినవాళ్లకు పెద్దమ్మ ఎవరి వైపూ చూడకుండా పోసేది. బర్రె ఈనినప్పుడల్లా మొదటి జున్ను ఒక గిన్నెలో విడిగా తీసి, సాబ్ పేరు చెప్పి, ఆ పూట ముందుగా ఎవరొస్తే వాళ్లకు పెట్టేది.

నైజాం పోయింది, నాకాలు ఎత్తేశారు, కట్టెలు ఎవరి పొయ్యిలోకి పోయాయో తెలియదు. పెద్దమ్మ మంచం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఆ సంగతే ఎత్తి, ఆ రోజు నా తెలివి వల్లే కదా నీకు నాకి దక్కింది, చిన్న నాకాకు తీసుకుపోయింది నేనే కదా అన్నాను. ఆమె పళ్లు లేని నోటితో నవ్వింది.

"దుడ్డె కట్టెకు అవతల్నే పడ్డది బిడ్డా. బండి గుంతల ఉన్నప్పుడే. సాబ్ చేతులల్లనే పడ్డది. ఆయన నా మొకం జూసిండు, నేను ఆయన మొకం జూసిన. ఇద్దరం కట్టె దిక్కు జూడలె."

కొమ్ము వంపు, తోక వెంట్రుక వదలకుండా రాసుకున్న ఆ మనిషి అంత పెద్ద సంగతిని రాయకుండా వదిలేశాడు. నాకిని చేతుల్లో పెట్టుకునే గొంతు సవరించుకున్నాడు కదా, ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆయన ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు. ఇప్పుడు మా కొట్టంలో బర్రె ఈనితే ఆయన గిన్నెలోకి జున్ను తీసేవాణ్ణి నేనే, పక్కనే పెద్దమ్మది ఇంకో గిన్నె. అక్కడున్న నలుగురిలో ఇద్దరు చూశారు, ఇద్దరూ కడదాకా దాచుకున్నారు. వెనక్కి తిరిగి ఉంటే నేనూ చూసేవాణ్ణే. ఒకవేళ చూసినా ఏం కనపడేది, మోటారు నెడుతున్నప్పుడు కూడా కళ్లకు నల్ల అద్దాలు ఉన్నాయి కదా.