కాశయ్య చూడని చిలికా

కొండమీది పాతకోట ఏ రాజు కట్టించాడని అడిగితే కాశయ్యకు ఒళ్లు మండుతుంది. "నాకేటి తెలుసు బాబూ, మెట్ల సంగతి అడగండి, సెప్తాను" అంటాడు. మెట్లు మూడు వందల నలభై. ఎక్కలేని యాత్రికులను ఇరవై ఆరేళ్లుగా డోలీలో వాటిమీదే మోస్తున్నాడు. ముందు కర్ర అతనిది, వెనక కర్ర నాది.

కోటమీంచి చిలికా సరస్సు చూడడానికి బరంపురం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కొండకిందే కాపురమున్న అతని భార్య బంగారమ్మ మాత్రం ఏనాడూ ఎక్కలేదు. ఆసుపత్రిలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నాక ఒక్కటే అడిగింది.

"ఓపాలి పైకి తీసుకెల్లు. ఆడనుంచి మనిల్లు అవుపిస్తాదంట గదా. సూస్తాను."

మర్నాడు పొద్దున్నే డోలీ ఎత్తాం. మనిషిలో బరువే లేదు. అయినా కాశయ్య ప్రతి మలుపులో దించి, ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఉన్నాన్లే, నడు" అందామె.

నాకు ఏడుపు ఆగలేదు. వెనక ఉన్నాను కాబట్టి సరిపోయింది.

బురుజు దగ్గర దించాం. "ఏది మనిల్లు?" అంది.

కాశయ్య కిందికి చూసి బిక్కచచ్చిపోయాడు. కప్పులన్నీ ఒకేలా ఉన్నాయి. పైకి రాగానే మనిషిని దించి, ఇంకో బేరానికి పరుగెత్తేవాడే తప్ప అక్కడ నిలబడి ఒక్కనాడూ కిందికి చూడలేదు. నేను మాత్రం ఏం చూశాను, ఇన్నేళ్లూ అతని వీపు తప్ప.

"అదిగో" అని ఏదో చూపించాడు.

"దాని పక్కన రైలుకట్టుంది గదయ్యా. మనదెలగవుతాది? ఇన్నేళ్లెక్కినావు, ఏటి సూసినావు?"

"మెట్లు" అన్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. "ఎనకవార ఇంటికప్పు మీద పసుప్పచ్చ బరకం పట్టా కప్పినాను. వానలకి ముందు నేనే ఎక్కి కట్టినాను. నువ్వు కొండమీదున్నావు."

కాశయ్య పిచ్చిపట్టినట్టు గోడ పొడవునా పరుగెత్తాడు. తూలిపడబోతే నేను పట్టుకున్నాను. చాలాసేపటికి, కొబ్బరిచెట్ల సందున పసుప్పచ్చటి ముక్క కనిపించింది.

"అదిగో, మనిల్లు. కల్లు తెరు" అంటూ వచ్చి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి లేదు. ఆ చెయ్యి తియ్యడానికి అతనికి మనసొప్పలేదు. చివరికి నేనే తీశాను.

దిగేటప్పుడు కాశయ్య మెట్లు చూడలేదు. ప్రతి మలుపులో డోలీ దించి, ఇల్లెక్కడుందో ఆమెకు చూపించాడు.