రొట్టెల బట్టీలో ఆడవాళ్ళ బల్ల

వానలు ముఖం చాటేసిన ఏడు కోసిగి దగ్గరి పల్లె నుంచి దానమ్మ, ఆమె భర్త ఇశ్రాయేలు బతుకుతెరువుకు ఆదోని వచ్చారు. ఇశ్రాయేలుకు పత్తి బేళ్ళు మోసే పని దొరికింది. దానమ్మ జిన్నింగు మిల్లులో చేరింది గానీ, ఆ దూది నుసి ఆమెకు పడలేదు. దగ్గు పట్టుకుంది. ఆఖరికి మేస్త్రీ, "రేపట్నుంచి రావొద్దు" అనేశాడు.

ఆ సాయంత్రం గొంతు ఎండిపోయి, మిల్లు వెనక సందులో ఒక ఇంటి ముందు నిలబడి నీళ్ళడిగింది. ఆ ఇల్లు ముసలి హుసేనమ్మది. యుద్ధం రోజుల్లో బళ్ళారి మిలిటరీ వాళ్ళకు బ్రెడ్డు రొట్టెలు కాల్చిన మనిషి ఆమె భర్త. ఆయన పోయాక పెరట్లో రొట్టెల బట్టీ చల్లారిపోయింది. అందులో కోళ్ళు పొదుగుతున్నాయి.

"ఇంత మంచి పొయ్యిలో కోళ్ళా అవ్వా?" అంది దానమ్మ పెరట్లోకి తొంగి చూసి నవ్వుతూ.

"నా చేతుల్లో సత్తువ లేదమ్మే. పని మాత్రం అంతా తెలుసు. నేను సెప్తా, నువ్వు పిండి పిసుకుతావా?"

దానమ్మ తటపటాయించి, తాను ఊరి బయటి పేట మనిషినని చెప్పింది.

"నేనడిగినానా?" అంది ముసలామె.

నిన్నటి పిండి ముద్ద కలిపి కొత్త పిండిని పొంగించడం, చెయ్యి పెట్టి బట్టీ వేడి పసిగట్టడం హుసేనమ్మ ఓపిగ్గా నేర్పింది. మొదట్లో బన్నులు సగం మాడిపోయేవి. మాడినవి ముసలామె పైపెచ్చు గీకి తానే తినేది. చెయ్యి కుదిరి బన్నులు బాగా వచ్చాక కూడా కొనేవాళ్ళు లేరు. బట్టీ రొట్టె అంటే జ్వరమొచ్చినవాళ్ళ తిండని ఊళ్ళో లెక్క. "ఉత్త రొట్టె ఎవురు తింటారు? పక్కన కాఫీ పెట్టు" అన్నాడు ఇశ్రాయేలు. దానమ్మ ఆ బట్టీ మీదే గింజలు వేయించి, దంచి, బెల్లం కాఫీ కాచింది. ఆ వాసన మిల్లు గేటు దాకా పోయింది. మగవాళ్ళు వచ్చి, లోపల బల్ల మీద కూర్చుని బన్నులు ముంచుకు తినడం మొదలుపెట్టారు.

ఆడకూలీలు మాత్రం బయట గోడవారనే నిలబడి తాగేవాళ్ళు. ఆ రోజుల్లో హోటల్లో ఆడవాళ్ళు కూర్చునే అలవాటు లేదు. ఒకనాడు వాళ్ళలో నిండు చూలాలైన తిప్పమ్మ గోడకు ఆనుకుని అట్లాగే జారిపోయింది. దానమ్మ పరుగున వెళ్ళి ఆమెను లేవదీసి, లోపల మగవాళ్ళ బల్ల మీద కూర్చోబెట్టింది.

అక్కడే కాఫీ తాగుతున్న బసవన్న గ్లాసు దించాడు. "ఆడోళ్ళు మా సరసన కూకుంటే ఇది హోటలా, ఇల్లా?"

"ఇల్లే నాయనా. నా ఇల్లు" అంది హుసేనమ్మ లోపల్నుంచి. "ఇష్టమైనోళ్ళు కూకోండి."

బసవన్న లేచిపోయాడు. ఆయన వెంట చాలామంది పోయారు. కొన్నాళ్ళు బన్నులు గంపలోనే మిగిలిపోయాయి.

"నా వల్ల నీ బట్టీ మళ్ళా ఆరిపోతాదేమో అవ్వా" అంది దానమ్మ గుబులుగా.

"ఆరితే ఆరనీ. ఆ పిల్లను నిలబెట్టింటే నాకు ముద్ద దిగేది కాదు."

ఇశ్రాయేలు పాత చెక్కలు తెచ్చి, ఆడవాళ్ళ కోసం పొడుగాటి బల్ల ఒకటి చేసి లోపల వేశాడు. కాన్పయ్యాక తిప్పమ్మ చంకన బిడ్డతో, తనతో పనిచేసే ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. మిల్లు వదిలే వేళకు ఆ బల్ల మీద చోటు ఉండేది కాదు. మగవాళ్ళూ ఒక్కరొక్కరే తిరిగొచ్చారు. అందరికంటే ఆలస్యంగా వచ్చిన బసవన్న గడప దగ్గరే ఆగి, "రెండు బన్నులు కట్టియ్యి, మా యమ్మకు ఇష్టం" అన్నాడు.

"అమ్మనే పిల్చుకోని రా అన్నా. కూకోని తింటాది" అంది దానమ్మ. ఆయన పిలుచుకొచ్చాడు కూడా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు దుకాణానికి బోర్డు రాయించారు. అప్పటికి హుసేనమ్మకు చూపు మందగించింది.

"ఏం రాసినారు?"

"నీ పేరు అవ్వా."

"నీ పేరు యాడుంది?"

"నాకు సదువు రాదు గదా. యాడో ఉంటాదిలే."

ముసలామె నమ్మలేదు. బోర్డు తడిమి చూడబోతే పచ్చి రంగు వేళ్ళకు అంటుకుంది. దానమ్మ ఆ చేతిని కొంగుతో తుడిచి, వదలకుండా పట్టుకుంది.

"నీ పేరొక్కటే రాయించినా అవ్వా. ఏమీ అడక్కుండా నీ పిండి నా చేతిలో పెట్టినావు. ఆ మేలు గుర్తుందని ఇంతవరకూ నీతో సెప్పనే లేదు."

"సెప్పాల్నా ఏంది? పో, కాఫీ పొంగుతాంది" అంది హుసేనమ్మ. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.