షికాగోలోని స్వీడన్ వీధిలో ఒక పాత స్వెటరు, మా కృప ప్రధానం

మా కృప పెళ్లి కుదిరిందండీ! మొన్న శనివారం, షికాగోలో, పాత బట్టలమ్మే కొట్టులో, ట్రయల్ రూము పక్కన నిలబడి కుదిర్చాను. కుదిర్చాను అనొచ్చో లేదో కూడా నాకు తెలియడం లేదు, ఎందుకంటే కుదిరిన సంగతి అక్కడున్న వాళ్లందరిలో ఆఖరున తెలిసింది నాకే. దేవునికి వెయ్యి స్తోత్రాలు. ఇది ప్రయాణాల గురించి రాసే చోటు కాబట్టి దారి, ఖర్చు, కొట్లు అన్నీ వరసగానే రాస్తాను. మధ్యలో సంతోషం పట్టలేక పక్కకు పోతే పెద్దమనసుతో సర్దుకోండి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. చదువు తొమ్మిదో తరగతితో సరి. మా ఒక్కగానొక్క కూతురు కృప నేపర్‌విల్ దగ్గర ఆసుపత్రిలో నర్సు. నేనూ మా ఆవిడ రూతూ ఈ ఏడాది తన దగ్గరకు వచ్చాం. కృపకు పాతకాలం ఫ్యాషన్ బట్టలంటే ప్రాణం. మమ్మల్ని స్టాక్‌హోమ్, కోపెన్‌హేగెన్ తీసుకెళ్లి అక్కడి చిన్నచిన్న కొట్లన్నీ తిప్పాలని ఎంతో ఆశపడింది. మా ఇద్దరికీ వీసా అపాయింట్‌మెంటు దొరకలేదు. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు ఎరిక్ అనే అబ్బాయి, అదే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు, మా ఇంటికి భోజనానికి వచ్చి, "స్వీడన్ వెళ్లకపోతే ఏం అంకుల్ గారూ, షికాగోలో మా స్వీడన్ వాళ్ల వీధి ఉంది. ట్రైన్‌లో వెళ్లొచ్చు" అని ఇంగ్లీషులో అన్నాడు, 'గారూ' ఒక్కటే కృప నేర్పిన తెలుగు. అతని ముత్తాతలు ఆ దేశం నుంచే వచ్చారట. స్నేహితుడని కృప చెప్పింది, నేను సరేనన్నాను.

నాకు తర్వాత తెలిసిన సంగతి మీకు ముందే చెప్పేస్తాను, నాలాగ మీరూ తికమకపడకూడదు కదా. కృపకు ముప్పై మూడేళ్లు. మా చర్చి సంబంధాలు ఎన్ని తెచ్చినా "ఇప్పుడు కాదు నాన్నా" అనేది. అసలు కారణం ఈ ఎరిక్. "మా నాన్న అవునంటేనే చేసుకుంటాను, కాదంటే ఇక ఈ మాట ఎత్తొద్దు" అని అతనితో చెప్పిందట. ఆ శనివారం అతను నన్ను అడగడానికే వచ్చాడు. నేను మాత్రం బట్టలు కొనడానికే వెళ్లాను.

పొద్దున్న తొమ్మిది దాటాక నేపర్‌విల్ స్టేషన్లో రైలెక్కాం. శనివారం కాబట్టి రోజంతా తిరిగే పాస్ తలా ఏడు డాలర్లు. రైలు రెండంతస్తులది, పైన కూర్చున్నవాళ్ల బూట్లు మన కళ్లకు ఎదురుగా ఉంటాయి. కాసేపటికి కండక్టరు వచ్చాడు! టోపీ, సంచీ, చేతిలో పంచ్ మిషను. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఐ ఆల్సో కండక్టర్. ఇండియా. బస్" అన్నాను. ఆయన ఆగిపోయి చేయి కలిపి, "ఎన్నేళ్లు చేశారు సార్?" అనడిగాడు. "ముప్పై ఒకటి." "అయితే చెప్పండి, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" "మోకాళ్లు లేవు సార్, ఎప్పుడో అయిపోయాయి" అన్నాను. పెట్టెంతా వినేలా నవ్వాడు.

ఎరిక్ మాత్రం నవ్వలేదు. ఎదురు సీట్లో కూర్చుని కాలు ఊపుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి, "అంకుల్ గారూ, నేను మిమ్మల్ని ఒకటి..." అన్నాడు.

"చెప్పు బాబూ."

"మీకు విండో సీట్ కావాలా?"

"విండో పక్కనే కూర్చున్నాను కదా బాబూ."

"ఓ. గుడ్" అని మళ్లీ కాలు ఊపడం మొదలుపెట్టాడు. ఈ పిల్లవాడికి రైలు పడదేమోనని రూతు సంచీలోంచి నిమ్మ బిళ్ల తీసి ఇచ్చింది.

గంటసేపటికి యూనియన్ స్టేషన్ వచ్చింది. అక్కడినుంచి భూమిలోపల నడిచే ఎర్ర లైను రైలెక్కితే త్వరగా చేరతారు. నేను బస్సే కావాలన్నాను, చేసిన ఉద్యోగం అలాంటిది. నాలుగు వీధులు నడిచి ఇరవై రెండో నంబరు బస్సెక్కాం. టిక్కెట్టు రెండున్నర డాలర్ల లోపు, కార్డు ఆనిస్తే చాలు. మీకు ఓపిక ఉంటే బస్సే ఎక్కండి, ఊరంతా కిటికీలోంచి చూడొచ్చు. దాదాపు గంట పట్టింది. దిగిన చోటు పేరు ఆండర్సన్‌విల్. నీలం, పసుపు రంగుల జెండాలు, అవే రంగులు వేసిన నీళ్ల ట్యాంకు, ఎటుచూసినా ఎర్ర ఇటుక ఇళ్లు. గాలి మాత్రం చెవులు కోసేస్తోంది.

ముందు బేకరీకి వెళ్లాం. దాల్చినచెక్క వేసిన బన్ను పళ్లెంలో నా ముందు పెట్టారు. వేడివేడిగా, అరచేయంత వెడల్పు. నేను తుంచబోతుంటే ఎరిక్ గొంతు సవరించుకుని, "అంకుల్ గారూ, మీకు... కృప..." అన్నాడు.

"కృపకేం బాబూ?"

అతని ముఖం ఎర్రబడింది. "కృప చెప్పింది, మీకు షుగర్ ఉందా?"

"ఉంది."

"సారీ అంకుల్ గారూ" అని బన్ను నా ముందునుంచి తీసి పక్కన పెట్టేశాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. కృప తలపట్టుకుంది. రూతు నా బన్ను సగం తినేసింది. కాఫీలతో కలిపి ముప్పై డాలర్ల దాకా అయింది, నాకు దక్కింది కాఫీ ఒక్కటే.

ఇక కొట్ల సంగతి. నేను చూసింది చూసినట్టు చెబుతాను, మీకు అర్థమైతే నాకూ చెప్పండి. ఆ కొట్టులో బట్టలు సైజుల ప్రకారం కాదు, కాలం ప్రకారం పెట్టారు. ఒక వరస డెబ్బైలు, ఒక వరస ఎనభైలు. నేను పెళ్లిలో వేసుకున్నలాంటి బెల్‌బాటం ప్యాంటు అక్కడ వేలాడుతోంది, తొంభై డాలర్లట! నాదాన్ని రూతు ఇల్లు తుడిచే గుడ్డ చేసింది. మోచేయి దగ్గర చిరిగితే వేరే రంగు ఊలుతో అందరికీ కనపడేలా కుట్టిన కోటు ఒకటి ఉంది. కుట్టు కనపడకూడదు కదా అంటే, "కనపడాలనే అలా కుడతారు నాన్నా, అదే స్టైల్" అంది కృప. నేను కాసేపు ఆ మోచేతిని చూస్తూ నిలబడ్డాను.

రూతు ఒక్కో ధర చూసి గుండెలమీద చేయి వేసుకుంటోంది. "ఏవండీ, ఈ కొట్టంతా మన వీధిలోకి వచ్చే స్టీలు సామాన్ల ఆవిడకు వేస్తే, రెండు బకెట్లు, ఒక డేగిసా ఇస్తుంది. అది కూడా బేరమాడితే."

"అమ్మా, మెల్లగా" అంది కృప.

"ఎవరికి తెలుగొచ్చే ఇక్కడ? చనిపోయినవాళ్ల బట్టలు కూడా ఉంటాయా వీటిలో?"

"శుభ్రం చేసే పెడతారమ్మా" అని చెప్పి కృప ఒక ఆకుపచ్చ కోటు పట్టుకుని ట్రయల్ రూములోకి వెళ్లిపోయింది.

అప్పుడు ఎరిక్ ఒక స్వెటరు దగ్గర ఆగాడు. ముదురు నీలం మీద తెల్ల చుక్కలు, బొత్తాల బదులు వెండిరంగు కొక్కేలు. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. వాళ్ల నానమ్మ సరిగ్గా ఇలాంటివే అల్లేదట. ధర చూసి మెల్లగా విప్పి మళ్లీ తగిలించాడు. బయట ఆ గాలికి పల్చటి జాకెట్టుతో వచ్చాడు పిల్లవాడు. రూతు నా మోచేయి పొడిచింది. "పొద్దున్నుంచీ మన సంచులు మోస్తున్నాడండీ. పెద్దవాళ్లం, కొనిపెట్టకపోతే ఏం బాగుంటుంది?"

నేను స్వెటరు పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాను. ఎనభై ఐదు. "అరవై" అన్నాను. ఆ కొట్టావిడ కళ్లజోడు పైకెత్తి నన్ను చూసింది. "ఇది నార్వేలో చేతితో అల్లింది సార్" అంది. "ఎవరో వేసేసుకున్నది కదమ్మా" అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆవిడ నవ్వేసి డెబ్బైకి ఇచ్చింది. కాబట్టి అడగడంలో తప్పులేదు, గుర్తుపెట్టుకోండి.

మా ఇంట్లో ఎవరికి బట్ట ఇచ్చినా రెండు చేతులతో ఇస్తాం, రూతు ప్రార్థన చేస్తుంది. మేనల్లుడికి చొక్కా ఇచ్చినా, పనమ్మాయికి చీర ఇచ్చినా అంతే. "పాతదానికి కూడా చెయ్యాలా?" అనడిగాను. "ఎవరెవరు తొడుక్కున్నారో, దీనికి ఇంకాస్త ఎక్కువే చెయ్యాలి" అంది. ఎరిక్‌ని నిలబెట్టి స్వెటరు చేతుల్లో పెట్టాను. రూతు మునివేళ్లమీద లేచి అతని తలమీద చేయి ఉంచి, "ప్రభువా, ఈ బిడ్డను కాపాడు, చలినుంచీ కీడునుంచీ తప్పించు, ఆమేన్" అంది.

తల ఎత్తి చూస్తే ఎరిక్ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "థాంక్యూ సార్. ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ హర్. ఐ ప్రామిస్ సార్" అంటున్నాడు. హర్ ఎవరు? కొట్టావిడా? స్వెటరు తనకు కాదనుకున్నాడా? ఒంట్లో బాగాలేదేమోనని మంచినీళ్లు ఇవ్వమని కౌంటరు వైపు అరిచాను. ఆ అరుపుకు కృప ఆకుపచ్చ కోటుతోనే బయటికి వచ్చింది.

"నాన్నా, ఏం చేశావ్?"

"స్వెటరు కొన్నాను."

"ఎందుకు?"

"చలికి వణుకుతున్నాడమ్మా!"

కృప నన్ను బెల్‌బాటం ప్యాంట్ల పక్కకు తీసుకెళ్లి అంతా చెప్పింది. మా క్రైస్తవుల ఇళ్లలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటాం. పిల్ల తండ్రి పిల్లవాడి చేతికి బట్టలిస్తాడు, పెద్దలు ప్రార్థన చేస్తారు, అంతటితో మాట ఖాయం. మా అన్నయ్య కూతురి ప్రధానం వీడియో ఎరిక్‌కి చూపించి, "మా నాన్న ఇలా చేస్తే అవునన్నట్టు" అని కృపే నేర్పిందట. అతను పొద్దున్నుంచీ నోరు పెగలక అల్లాడుతుంటే, అడక్కముందే నేను బట్టలు పెట్టేశాను, రూతు ప్రార్థన చేసేసింది.

"నువ్వు అవునన్నావని అనుకుంటున్నాడు నాన్నా. నువ్వు అలా అనుకోలేదని నాకు తెలుసు. ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు. ఇట్స్ జస్ట్ ఎ స్వెటర్ అని నేనే వెళ్లి చెప్తాను. నేనేం అనుకోను." ఏమీ అనుకోనన్న పిల్ల ఆ కోటు అంచును రెండు చేతులతో మెలిపెడుతోంది.

పండగరోజు బస్సు డోరు దగ్గర జనం తోసుకున్నట్టు నా బుర్రలోకి ప్రశ్నలన్నీ ఒక్కసారే ఎక్కబోయాయి. వాళ్లది ఏ చర్చి, చుట్టాలతో ఏ భాషలో మాట్లాడతాడు, మా అక్క ఏమంటుంది, పప్పన్నం తింటాడా. ఏ ఒక్కటీ లోపలికి రాలేకపోయింది. అవతల ఎరిక్ స్వెటరును గుండెకు అదుముకుని నిలబడ్డాడు, అప్పటికే సంగతి పసిగట్టిన రూతు కొంగుతో అతని కళ్లు తుడుస్తోంది. నా నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఒక్క స్వెటరుతో ప్రధానం ఏంటమ్మా? చొక్కా వద్దా?"

"అంటే?"

"అంటే చొక్కా కొనాలి. పక్కన కొట్లు ఎప్పటిదాకా ఉంటాయో అడుగు."

కృప వెళ్లి చెప్పింది. "ఈజ్ దట్ ఎ యెస్?" అనడిగాడు ఎరిక్. "ఐ థింక్ సో. హి ఈజ్ ఆస్కింగ్ అబౌట్ షర్ట్స్" అంది కృప. "అవునని గట్టిగా చెప్పవే, పిల్లోడు ఊపిరి తీసుకోవడం లేదు!" అని రూతు కసిరింది. అప్పుడు నేనే వెళ్లి, "యెస్ బాబూ, యెస్ యెస్" అన్నాను. అతను నన్ను నేలమీదనుంచి ఎత్తేశాడు. కొట్టావిడ చప్పట్లు కొట్టింది, కృప వేసుకున్న కోటుకు పది డాలర్లు తగ్గించింది కూడా.

రూతుకు అప్పుడు అసలు బెంగ పట్టుకుంది. "ప్రధానానికి పాత బట్ట పెట్టామంటే మీ అక్క ఊరుకుంటుందా?" అందుకని రెండు గుమ్మాల అవతల, సొంతంగా బట్టలు తయారుచేసి అమ్మే ఒకావిడ కొట్టుకు వెళ్లాం. ఆవిడే గీస్తుంది, ఆవిడే కత్తిరిస్తుంది, మిషను కిటికీ దగ్గరే ఉంది. ఒక చొక్కా చూపించింది. రెండు జేబులు, ఒకటి పైకి, ఒకటి కిందికి. జేబులు సమానంగా కుదరలేదని చెప్పబోతే కృప నా చేయి నొక్కింది. "ఇది కొత్తదేనా? ఎవరూ తొడుక్కోలేదుగా?" అని రూతు కృపచేత మూడుసార్లు అడిగించింది. "కొత్తదే, ఇలాంటిది ఇంకొకటి లేదు" అంది ఆవిడ. నూట ఇరవై డాలర్లు. అక్కడ బేరం కుదరలేదు. మళ్లీ రెండు చేతులతో ఇచ్చాను, రూతు మళ్లీ ప్రార్థన చేసింది, ఈసారి ఏం చేస్తున్నామో మా ఇద్దరికీ తెలిసే చేశాం. ప్యాంటు మాత్రం దొరకలేదు, మా అల్లుడి పొడుగు అలాంటిది.

తిరుగు బస్సులో "అంకుల్ గారూ" అని పిలవబోయి ఆగి, కృపను అడిగి, "మావయ్య గారూ" అన్నాడు. అతను నోటితో అడిగి ఉంటే నేను ఏమనేవాణ్ణో నాకు తెలియదు. బహుశా ఆలోచిస్తాను అనేవాణ్ణి, నెలలు గడిచేవి, పిల్ల నలిగిపోయేది. ఇప్పటికీ ఆ వీధిలో చిరుగు ఎందుకు స్టైలో, పాతదానికి ఎందుకంత ధరో, జేబులు ఎందుకు ఎగుడుదిగుడో నాకు అర్థం కాలేదు. పిల్లవాడు బస్సులో ముసలావిడకు సీటిచ్చి లేవడం, కృప అతని స్వెటరు కొక్కేలు సరిచేయడం మాత్రం అర్థమయ్యాయి. వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే సలహా: పాత బట్టలమీద ఉన్న సైజు నంబరు నమ్మకండి, అప్పటి కొలతలు వేరు, ఇప్పటివి వేరు. కొలత టేపు ఒకటి జేబులో వేసుకెళ్లండి, ఛాతీ, చేయి పొడవు కొలిచాకే డబ్బు తీయండి.

ఇక ఈ కబురు చేరవలసినవాళ్లు. చీరాలలో మా పెద్దక్క మరియమ్మ, ఆవిడకే ముందు, లేకపోతే పెళ్లికి రాదు. స్వెటరు సంగతి ఆవిడతో అనొద్దు, చొక్కా అని చెప్పండి చాలు. అన్నయ్య దానియేలు, వీడియో వాళ్లదే కాబట్టి థాంక్స్ కూడా చెప్పాలి. రూతు తమ్ముళ్లు ఇద్దరూ, ఒకేసారి, ఒకరికి ముందు చెబితే రెండోవాడు అలుగుతాడు. బాపట్లలో తోడల్లుడు సాల్మన్, అతను నాలుగు సంబంధాలు తెచ్చాడు, కాస్త నెమ్మదిగా చెప్పాలి. మేనకోడలు సుజాత, దానికి చెబితే మిగతా ఊరందరికీ అదే చెబుతుంది. మిన్నెసోటాలో ఎరిక్ వాళ్లమ్మ, మా వియ్యపురాలు. ఆవిడకు నెల కిందటే తెలుసట, చెప్పక్కర్లేదు. అయినా చుట్టాల పేర్లు రాస్తూ ఆవిడ పేరు వదిలేస్తే బాగుండదు కదా, అందుకని రాశాను.