కుచ్చిళ్ల మీద కొలిచిన నడుము

మధ్యాహ్నం వచ్చిన కోపం ఇంకా దిగలేదు. ఆళ్లగడ్డలో మా పిన్ని నడిపే బ్యూటీ పార్లర్‌కి, కోత లేకుండా కొవ్వు కరిగించే మిషన్ అమ్మాలని నంద్యాల నుంచి ఒకామె వచ్చింది. పనితనం చూపిస్తానని పిన్నినే పడుకోబెట్టింది. ముందు చీర కుచ్చిళ్లు దోపిన చోట టేపు చుట్టి కొలిచింది. మిషన్ పెట్టి తీశాక, కుచ్చిళ్లకు పైన, ఒట్టి ఒంటి మీద కొలిచి, "చూడక్కా, ఎంత తగ్గిందో!" అంది. పిన్ని మురిసిపోయి, అడ్వాన్స్ ఇవ్వడానికి బీరువా తాళం చేతిలోకి తీసుకుంది.

నేను అడ్డుపడ్డాను. "ముందు కుచ్చిళ్ల మీద కొలిచినావు, ఇప్పుడు పైన కొలుస్తాండావ్. మళ్లీ ఆడే, కుచ్చిళ్ల మీదే కొలువక్కా."

ఆమె ముఖం మాడ్చుకుంది. "సదువుకునే పిల్లవు, నీకేం తెలుసు? మీ పిన్ని ఒళ్లు ఇట్లుంటే ఈ పార్లర్‌కి ఎవరొస్తారు?"

'ఒళ్లు' అనే మంచి మాటను అంత చెడ్డగా పలకవచ్చని ఇవాళే తెలిసింది.

పిన్ని తాళం నడుముకే దోపుకుంది. "నా నడుము చూసి ఎవురూ రాలేదమ్మా, నా చేతిపని చూసి వస్తాండారు. ఆ మిషన్ ఎత్తుకోని బేగా పో."

రేపు కోయిలకుంట్లకు పోతున్నానని ఆమె గుమ్మంలోనే ఎవరికో ఫోన్‌లో చెప్పింది. అక్కడ పార్లర్లు నడిపే అక్కలూ, చదివారు కదా? ఆమెను ఏమని పంపించారో రేపు సాయంత్రం ఈ పోస్టు కిందే రాయండి.