తేనెకాలంలో అంగన్‌వాడీ

నంద్యాల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పైనున్న చెంచుగూడెం అంగన్‌వాడీకి ఆయాగా మార్చారు. టీచరు ఆటపాటలు చెప్పి, పిల్లల బరువు తూస్తుంది. ఆయా వాళ్లను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చి, వండిపెట్టి, నిద్రపుచ్చుతుంది. నలభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా ఇలాంటి సెంటర్లోనే, పిల్లల వెనక కూర్చుని.

గూడెంలో పిలుచుకురావడానికి పిల్లలే లేరు. తేనెకాలంలో తల్లిదండ్రులు వాళ్లను వెంటబెట్టుకుని అడవికి పోతారు. ఇప్పుడు హాజరు పడాలంటే ఫోనుకు పిల్లల ముఖం చూపించాలి. ముఖాలు పడకపోతే ఈ సెంటరును కింద ఊరి సెంటర్లో కలిపేస్తామని సూపర్‌వైజరు చెప్పిపోయింది. మూడేళ్ల పిల్లలు రోజూ అంత దూరం దిగి ఎక్కలేరు. వాళ్ల పాలు, గుడ్డు, అన్నం ఆగిపోతాయి. గూడెంలో లింగమ్మ అనే ఆమె కూతురు గౌరి అప్పటికే చిక్కి శల్యమై ఉంది.

బిడ్డను వదిలిపొమ్మని లింగమ్మను అడిగాను. "మాతో రా, చూద్దువు" అని నన్నూ అడవికి తీసుకుపోయింది.

పొద్దువాలే వేళ పెద్ద బండ మీదికి చేరాం. కింద లోయలో చెట్లు గడ్డిపోచల్లా ఉన్నాయి. బండ కింద పట్టిన తేనెతుట్టె కోసం లింగమ్మ మొగుడు పొగబెట్టే ఆకుల కట్ట పట్టుకుని, నార తాడు మీద అంచు దిగి కనిపించకుండా పోయాడు. పైన తాడు దగ్గర లింగమ్మ తమ్ముడు ఒక్కడే. తేనెటీగలు ముఖం మీద ముసిరినా చెయ్యి తీయలేదు, రెప్ప వేయలేదు. దేవుడి ముందు కూడా నేనట్లా నిలబడి ఎరగను.

"ఇంకెవరూ పట్టరా?" అని మెల్లగా అడిగాను.

"అన్నదమ్ములు పట్టగూడదు ఆయమ్మా. పెండ్లాం తమ్ముడే పట్టల్ల. తాడు జారితే వాళ్లక్క బొట్టు పోతాది. ఇంగ వాడు జారనిస్తాడా?" అంది. నా వైపు తిరిగి, "నా బిడ్డను నీ చేతిలో పెట్టమంటాండావ్. జారితే నీకేం పోతాది?"

"ఉద్యోగం పోతాది."

నవ్వింది. "నీ మనవరాలు యాడ సదువుతాంది?"

"ఆళ్లగడ్డ కాన్వెంటులో."

"చూడు మళ్ల. ఈడ గుడ్డు బలే మంచిదంటావ్. నీ పిల్లకు మాత్రం పెట్టవు."

ఇంటికొచ్చి, మనవరాలు హరిణిని నాతో సెంటరుకు పంపమని నా కూతురిని అడిగాను. "కాన్వెంటు మాన్పించి అడివికి తీస్కపోతావా? నలుగురూ నవ్వరా?" అంది. తేనెకాలం వరకే అని ఒప్పించాను. రోజూ హరిణిని చంకనేసుకుని బస్సెక్కేదాన్ని. చివరికి ఆ పిల్ల ఒకటో తరగతికి పోయేదాకా అక్కడే ఉంది.

లింగమ్మ కొన్నాళ్లు గౌరిని ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని చూసింది. హరిణి అదే కుండలో అన్నం తింది, గౌరి జుట్టు పీకింది, అదే చాప మీద నిద్రపోయింది. ఒక పొద్దున లింగమ్మ గౌరి చెయ్యి తెచ్చి, నా చేతిలో కాదు, హరిణి చేతిలో పెట్టి అడవిదారి పట్టింది. ఆ రోజు వండుతున్నంతసేపూ నా చూపు వాకిలి మీదే ఉంది.

తర్వాత మిగతా తల్లులూ వదిలారు. సూపర్‌వైజరు వచ్చేసరికి ఫోనులో ముఖాలు పడుతున్నాయి. సెంటరు అక్కడే నిలిచింది.

నేను రిటైరయ్యాక, తల్లులను ఎట్లా ఒప్పించాలని కొత్త ఆయాలు అడిగితే ఇదే చెబుతాను. పాలు, గుడ్డు చూసి ఏ తల్లీ బిడ్డను వదలదు. తాడు జారితే నీదీ ఏదో పోవాలి. అది ఆమెకు కనిపించాలి.