మైకు మాస్టారి పత్రిక గది

మా కాలేజీ సాహిత్య పత్రికకు సంపాదకులైన మాస్టారికి మనసులో చదువుకోవడమనే విద్య రాదు. కథ అయినా, కవిత అయినా, కాగితం కట్టల మీది చీటీ అయినా గొంతెత్తి చదవాల్సిందే. అందుకే మేమంతా ఆయన్ని మైకు మాస్టారనేవాళ్లం.

విద్యార్థి సంపాదకుడిగా నేను చేరిన రోజు ఆయన గది మధ్య నిలబడి, "ఈ ఇంట్లో నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని ఉరుముతున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"రావయ్యా, నిన్ను కాదు. కథలో మొగుడు పెళ్లాన్ని అంటున్నాడు."

కిటికీ పక్క కుర్చీలో ఉపసంపాదకురాలు కళ్లు మూసుకుని కూర్చున్నారు. అందరూ ఆవిడను పెద్దక్క అంటారు. అంత గోలలో ఎలా కునుకు తీస్తున్నారో నాకు అర్థం కాలేదు.

పత్రిక పని నేను ఆ గొంతు వింటూనే నేర్చుకున్నాను. ఒకసారి ఒక వ్యాసంలో ఒకే వాక్యం పేజీ పొడవునా సాగింది. సగంలోనే మాస్టారి మొహం కందగడ్డలా అయింది.

"మంచినీళ్లు," అన్నారు. తాగి, తేరుకుని, "దీన్ని మూడు ముక్కలు చెయ్యి. లేకపోతే పాఠకుడి ప్రాణం మీదికొస్తుంది" అన్నారు.

"రెండు చాలు. 'కానీ' దగ్గర విరిచెయ్," అన్నారు పెద్దక్క, కళ్లు తెరవకుండానే.

గోడకు అవతల గ్రంథాలయం. ఒక మధ్యాహ్నం లైబ్రేరియన్ వచ్చి, "హంతకుడు దొరికాడా మాస్టారూ? మావాళ్లు పుస్తకాలు మూసి మీ గోడకు చెవులు ఆనించారు" అన్నాడు.

"ఇంకో రెండు పేజీలు ఓపిక పట్టమనండి."

లైబ్రేరియనే ఓపిక పట్టలేదు. ప్రిన్సిపాల్‌తో చెప్పాడు. ఇకమీదట మనసులో చదువుకోండి, లేదా మెట్ల కింది స్టోరుగదికి మారండి అని ఉత్తర్వు వచ్చింది. మాస్టారు స్టోరుగదికే సరేనన్నారు.

అందులో కిటికీ లేదు, ఫ్యాను లేదు. మాకు ఒళ్లు మండింది. "మనసులో చదువుకుంటే పోయేదేముంది సార్?" అన్నాను.

"నాకు రాదయ్యా."

అట్టపెట్టెలు మోస్తుంటే మాస్టారి భార్య క్యారియర్ తీసుకుని వచ్చారు. నేను ఉండబట్టలేక, "ఇంట్లో మీరెలా భరిస్తున్నారమ్మా?" అని అడిగాను.

"భరించడానికి ఆయన నోరు విప్పితేగా నాయనా. పేపరు ముందు పెట్టుకుంటే పిలిచినా పలకరు."

పెట్టె చేతుల్లో ఉండగానే అలా నిలబడిపోయాను. స్టోరుగది ముందు మాస్టారు గొంతెత్తి చదువుతున్నారు: "గడప ఎత్తుగా ఉన్నది. గమనించగలరు."

అక్కడ బోర్డేమీ లేదు. వట్టి గోడ. పెద్దక్క ఆ గోడను తడుముకుంటూ, కాలితో గడప వెతుక్కుంటున్నారు. ఆవిడ చూపు పోతూ వస్తోందని, ఆ సంగతి మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదని నాకప్పుడు అర్థమైంది. ఆవిడ కుర్చీ ఆవిడకే ఉండాలని ఈ మనిషి ఇన్నాళ్లూ గొంతు చించుకున్నారు.

"బోర్డు ఎవరు రాశారో గానీ మంచి భాష," అన్నారు పెద్దక్క గడప దాటుతూ. ఆవిడ పెదవుల మీద నవ్వు కనిపించింది.

మాస్టారు ఇటు తిరిగి నన్ను చూశారు. నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది. పంపు దగ్గరికి మంచినీళ్లకు వెళ్లారు.

నేను పెట్టె దించి, పైనున్న కథ తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యం పూర్తి కాకుండానే పెద్దక్క ఆపారు.

"కామా మింగేశావు. మళ్లీ మొదటినుంచి."