బియ్యం బానలో టెలిగ్రాం

దెయ్యాలూ పూనకాలూ అంటే నాకు మొదటినుంచీ చిన్నచూపే. బడిలో పిల్లలు దెయ్యం కథలు చెప్పుకుంటుంటే బెత్తం చూపించి నోళ్ళు మూయించిన పంతులమ్మను నేను. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా భయం కన్నా సిగ్గే ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం అదే.

చైనా యుద్ధం అయిన రెండేళ్ళకు, కావలికి తూర్పున సముద్రం ఒడ్డునున్న మా ఊరికి మద్రాసు నుంచి ఒక చిన్న సినిమా బృందం వచ్చింది. ఒక వ్యాను, ఒక కెమెరా, పదిమంది మనుషులు. పాటలు లేవు, పేరున్న నటులూ లేరు. రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసిన మనవాడొకడు అక్కడి అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఊరికి తెస్తాడు. ఆమెను తన తల్లి దగ్గర వదిలి మళ్ళీ పనికోసం పోతాడు. భాష తెలియని ఊళ్ళో ఆ పిల్ల ఒంటరిగా ఎలా బతికిందన్నదే కథ.

ఆ భార్య వేషం వేసింది లిన్. ఆమె చెల్లెలి వేషం రోజీది. నిజానికి రోజీ ఆమెకు పినతల్లి కూతురు. ఇద్దరూ చైనా కుటుంబాల వాళ్ళే, పుట్టి పెరిగింది కలకత్తాలో. లిన్ తల్లీ అన్నా అక్కడే చెప్పుల దుకాణం నడుపుతున్నారు. ఈ ఇద్దరూ మద్రాసులో బంధువుల దగ్గర ఉంటూ చిన్నా చితకా వేషాలు వేస్తున్నారు. చైనా వాళ్ళంటే ఊళ్ళో గొడవవుతుంది, బర్మా వాళ్ళని చెప్పండని డైరెక్టర్ గారు అన్నారు. నేను అలాగే చెప్పాను. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి వాళ్ళ బస మా ఇంట్లోనే. ఇంట్లో నేనూ మా అవ్వా, అంతే.

లిన్‌కు తెలుగు ముక్క రాదు. నేను పలికితే తన అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేది. అన్నిటికన్నా కష్టమైంది ఏడుపు. కథలో ఆమెకు తల్లి పోయిన కబురు వస్తుంది. సముద్రం ఒడ్డున కూర్చుని మా ఊరి ఆడవాళ్ళలాగే ఏడవాలి.

మా వైపు ఏడుపంటే ఊరికే కన్నీళ్ళు కాదు. పోయినవాళ్ళను పిలుస్తూ, రాగం తీస్తూ, తమకు ఎవరెవరు ఏమేం అన్యాయం చేశారో అందులోనే చెప్పేస్తారు. ఎవరి పేరు బయటికొచ్చినా వాళ్ళు తల వంచుకుని వినాల్సిందే. ఏడుపుకు ఎదురు చెప్పకూడదు.

అవ్వ నోట విన్న ఆరు ముక్కలు లిన్‌కు నేర్పాను. అందుకు తెర మీద నా పేరు వేస్తామన్నారు. ఆ మాట విన్నప్పటినుంచీ నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ ఏడుపు తీయాల్సిన రోజు పొద్దున, వాళ్ళిద్దరూ ఒడ్డుకు వెళ్ళాక పోస్ట్‌మన్ లిన్ పేరున టెలిగ్రాం తెచ్చాడు. మా ఊళ్ళో టెలిగ్రాం ఎవరి పేరున వచ్చినా చేతికందినవాళ్ళు విప్పేస్తారు. అది మంచి కబురు కాదని అందరికీ తెలుసు. నేనూ విప్పాను. తల్లికి ప్రాణం మీదికి వచ్చింది, వెంటనే బయలుదేరమని అన్న పంపాడు.

అప్పుడే ఇస్తే ఆ సాయంత్రం కావలిలో కలకత్తా బండి ఎక్కేది. కానీ నా సీను మిగిలిపోయేది. మర్నాడు వ్యాను మద్రాసు వెళ్ళిపోతుంది. ఒక్క రోజుకు పుట్టి మునిగిపోతుందా అనుకున్నాను. దాచమని ఎవరూ చెప్పలేదు. డైరెక్టర్ గారికి సంగతే తెలియదు. అవ్వ పెరట్లో ఉండగా ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంటింట్లో బియ్యం బాన అడుక్కి తోసేశాను. అవ్వ చూసినా చదవలేదు, ఆమెకు అక్షరం రాదు.

మధ్యాహ్నం అవ్వ ఆ బానలో బియ్యమే తీసి వండింది. లిన్ నాలుగు మెతుకులు తిని, ఎందుకో ఆకలి లేదంది. నేను పక్కన కూర్చుని ఇంకొంచెం తినమని బలవంతం చేశాను.

“బిడ్డకి అమ్మ మింద మనసు పోయుండాది. బలవంతం చేయబాక మే,” అంది అవ్వ.

ఎండ తగ్గాక సీను మొదలుపెట్టారు. ముక్కలు రాసిన కాగితం పట్టుకుని నేను కెమెరా పక్కనే కూర్చున్నాను. లిన్ ఇసుకలో కూర్చుని ఆరూ తప్పు లేకుండా ఏడ్చింది. అక్కడ ఆగాలి. ఆగలేదు. సముద్రం వైపే చూస్తూ, అదే రాగంలో అందుకుంది.

“నీ కబురు బియ్యం బానలో పెట్టినారే అమ్మా... ఆ బియ్యమే నాకు వొండి పెట్టినారే అమ్మా...”

గొంతు లిన్‌దే. యాస అచ్చం మా అవ్వది.

డైరెక్టర్ గారు నా దగ్గరికి వచ్చి, “ఆ చివరి రెండు ముక్కలు ఇప్పుడు చేర్చారా టీచర్ గారూ? చాలా బాగున్నాయి,” అన్నారు. నేను అవునన్నట్టు తల ఊపాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

లిన్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. చివరికొచ్చేసరికి తనకేమీ గుర్తు లేదని, ఆరూ సరిగ్గా చెప్పానా అక్కా అని ఇంగ్లీషులో అడిగింది. సరిగ్గానే చెప్పావన్నాను.

ఇంటికి పోయి బానలో చెయ్యి పెట్టి చూశాను. కాగితం పెట్టిన చోటే, పెట్టిన మడతల్లోనే ఉంది. అప్పటికైనా ఇవ్వాల్సింది. బండి ఎలాగూ దాటిపోయింది, రాత్రంతా ఆ పిల్లను ఏడిపించడమెందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మర్నాడు పొద్దున, ఇప్పుడే వచ్చిందన్నట్టు ఇచ్చాను.

లిన్ మడతలు విప్పుతుంటే రెండు బియ్యపు గింజలు నేల మీద రాలాయి. వాటిని చూసింది. నా మొహం చూసింది. అవ్వకు దండం పెట్టి వ్యాను ఎక్కింది, నాకు వెళ్ళొస్తానని చెప్పలేదు.

నెల తర్వాత రోజీ ఉత్తరం రాసింది. లిన్ చేరేసరికి తల్లి పోయి ఒక రోజు అయిందట. ఆఖరిదాకా గుమ్మం వైపే చూసిందట.

తర్వాత డైరెక్టర్ గారు కూడా రాశారు. ఒడ్డున బొమ్మే తీశాం కాబట్టి మద్రాసులో లిన్‌కు వేరే ఆమె చేత గొంతు పెట్టిస్తున్నామని, ఆ చివరి రెండు ముక్కలు రాసి పంపమని. నేను జవాబివ్వలేదు.

సినిమా కావలిలో మూడు రోజులు ఆడింది. వెళ్ళాను. నా పేరు పడింది, అక్షరాలు పెద్దవే. ఏడుపు సీనులో ఆరు ముక్కలయ్యాక ఆ గొంతు ఆగి, అలల చప్పుడు మిగిలింది. లిన్ పెదాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తప్పు చేసినదాన్ని కనుక నాకలా వినిపించిందంటారేమో. నేనూ అలా అనుకుందామనే చూశాను. కానీ డైరెక్టర్ గారు విన్నారు. తెర మీద పెదాలు కదిలాయి. ఆ మాటలు ఆమె నోటికి ఎలా వచ్చాయో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

క్షమించమని రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఒక్క ఉత్తరమూ పూర్తి కాలేదు.

కొన్నేళ్ళకు అవ్వ పోయింది. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు నన్నూ ఏడవమన్నారు. నోరు తెరిస్తే నాకు ఆ రెండు ముక్కలే వచ్చాయి. మా ఊరి ఆచారం కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ కబురు ఎవరిదని కూడా అడగలేదు.